ధాత కరవునాటి ప్రార్థనలు

గుంతకల్లు నుండి రాయచూరు వెళ్లే రైలుమార్గంలో ఆదోని దాటి మరికొంత దూరం పోయిన తరువాత కోసిగి వస్తుంది. బండి దిగినవారి కంటికి మొదట కనిపించేవి రాతిగుట్టలు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్లు నిలిచిన ఆ గుండ్లలో రెండింటిని అక్కచెల్లెళ్లు అని పిలుస్తారని పాత బళ్లారి జిల్లా గెజిటీరు వ్రాసినది. ఆ గుట్టల నీడలోనే ఊరు. చుట్టూ జొన్న, కొర్ర, పత్తి, వేరుసెనగ పండే మెట్టభూములు. వాన పడిన ఏడు పండుతాయి, పడని ఏడు ఊరు ఊరంతా మూటలు కట్టుకొని బండి ఎక్కుతుంది.

ఈ వలసలను గురించి జనం మాటలు ధ్వనిముద్రణ చేయడానికి మేము అక్కడికి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన మా పని ముగిసేదాకా దూరంగా కూర్చొని ఉన్నాడు. యంత్రం కట్టివేసిన తరువాత దగ్గరకు వచ్చి, రేడియోలో పాతకాలపు సంగతులు చెప్పేది మీరేనా అని అడిగినాడు. అవునన్నాము. అప్పుడు ఆయన అసలు మాట అడిగినాడు. "మా తాతలు గంజి కోసరం దేవుణ్ణి మార్చుకున్నారని ఊళ్లో అంటారు సార్. మీరు సదువుకున్నోళ్లు. నిజమేనా అది?"

ఆనాడు మేము సరియైన సమాధానం చెప్పలేదు. బండికి వేళ అయినదని చెప్పి లేచినాము. ఆ తరువాత చాలాకాలం ఆ ప్రశ్న మమ్ములను వదలలేదు. అది ఒక ముసలివాని ప్రశ్న మాత్రమే కాదు. కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు జిల్లాలలోని ఎన్నో పల్లెలలో, ఎన్నో కుటుంబాల పరువు ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నది. కరవులో కడుపు మాడినవాడు చేసిన ప్రార్థన ప్రార్థనేనా, బేరమా? అతని కోసం ఇతరులు చేసిన ప్రార్థనకు అర్థమేమి? ఈ వ్యాసం ఆ పెద్దాయనకు మేము చెప్పవలసి ఉండిన సమాధానం.

కరవు అన్నప్పుడు ఏ కరవు? రాయలసీమకు కరవులు కొత్త కావు. జనం వాటిని తెలుగు సంవత్సరాల పేర్లతో గుర్తుంచుకొన్నారు. గుంటూరు సీమను పాడుచేసిన 1832-33 నాటిది నందన కరవు. మన కథలోనిది ధాత కరవు. ధాత నామ సంవత్సరం 1876లో వచ్చినది. ఆ ఏడు నైరృతి వాన చాలలేదు, ఈశాన్యపు వాన మొగమే చూపలేదు. మరుసటి ఏడు ఈశ్వర. ఆ ఏడు కూడా వేసవి దాటి శ్రావణం వరకు ఆకాశం తెల్లగానే ఉన్నది. ఇప్పటివలె కోసిగి అప్పుడు కర్నూలు జిల్లాలో లేదు. ఆదోని తాలూకాతో పాటు బళ్లారి జిల్లాలో ఉండినది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు గాని ఈ తాలూకా మన వైపునకు రాలేదు.

చెన్నపట్నం నుండి రాయచూరు వరకు రైలు అప్పటికి కొద్ది సంవత్సరాల క్రితమే వచ్చినది. రైలు ఉన్నచోట కరవు ఉండదని దొరలు చాలామంది నమ్మినారు. నిజమే, రైలు ధాన్యం తెచ్చినది. కాని ధాన్యం వచ్చినా దానిని కొనే డబ్బు కూలివానికి ఎక్కడిది? పొలంలో పని లేదు, మగ్గానికి పని లేదు. జొన్నల ధర రెండింతలు, మూడింతలు అయినది. గింజల బస్తాలు స్టేషనులో దిగుతుండగా ఆ స్టేషనుకు పోయే దారిలోనే మనుషులు పడిపోయినారు. ఆకలితో పోయినవారు కొందరు, ఆకలివల్ల నిస్సత్తువ చెందిన శరీరాలను పట్టుకొన్న కలరాతోను, మశూచితోను, జ్వరాలతోను పోయినవారు మరికొందరు.

అంకెలు చెప్పడం రేడియోలో అంత ఇంపుగా ఉండదని మాకు తెలుసు. అయినా ఒకటి రెండు చెప్పక తప్పదు. 1871 జనాభా లెక్కకు, 1881 లెక్కకు నడుమ కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవ వంతు జనం తగ్గినారు. బళ్లారి జిల్లాలో సుమారు ఐదవ వంతు. కోసిగి కూడా ఈ దెబ్బ గట్టిగా తిన్న ఊళ్లలో ఒకటి. పది సంవత్సరాలలో పెరగవలసిన జనం పెరగకపోగా, ఉన్నవారే ఇంతమంది లేకుండాపోయినారు. నాలుగు ఇళ్లున్న చోట ఒక ఇల్లు శూన్యమైనట్లు ఊహించుకొంటే చాలు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనకూడదు. చేసినదానిని గురించి నాడే పెద్ద తగవు జరిగినది. వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో మహాదర్బారు జరిపి విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించినాడు. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి దక్షిణదేశానికి వచ్చి, కరవు పనులలో రాళ్లు కొట్టే కూలివానికి ఒకటిన్నర పౌండ్ల ధాన్యానికి సరిపడే కూలి ఎక్కువ అని, ఒక పౌండు చాలునని తేల్చినాడు. ఒక పౌండు అంటే నేటి లెక్కలో అరకిలోకు తక్కువ. దానితో రోజంతా ఎండలో పనిచేసే మనిషి నిలువలేడని చెన్నరాజధాని ఆరోగ్యశాఖకు పెద్ద అయిన డాక్టరు కార్నిష్ వాదించినాడు. తుదకు కొన్ని నెలలకే ఆ కొలతను సడలింపవలసి వచ్చినది. ఈ లోపల ఎందరి బ్రతుకులు ఆ అరపౌండు మీద తెల్లవారినవో ఎవరు చెప్పగలరు?

ఇక ప్రార్థన సంగతి. కరవు వచ్చినప్పుడు ప్రార్థించింది క్రైస్తవులు మాత్రమే కాదు. వాన కోసం మన పల్లెలలో ఎవరి తోవ వారిది. విరాటపర్వం చదివిస్తే వాన పడుతుందని భారతం పురాణం పెట్టించినారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకొంటూ ఆడపిల్లలు కప్పతల్లిని ఊరేగించినారు. వరుణజపాలు చేసినారు. మహమ్మదీయులు ఊరి బయట మైదానంలో చేరి వాన నమాజు చేసినారు. వీటి నడుమ అక్కడక్కడ పూరిపాకల ప్రార్థన మందిరాలలో కొద్దిమంది క్రైస్తవులు మోకరించినారు. ఆనాటికి ఈ ప్రాంతంలో వారి సంఖ్య స్వల్పమే. బళ్లారిలో లండను మిషను వారు 1810 నుండి ఉన్నారు. కడపలో 1822 నుండి ఉన్నారు. నంద్యాల, ముత్యాలపాడు వైపు ఆంగ్లికను మిషను వారు, కర్నూలు, కంభం వైపు అమెరికను బాప్తిస్టులు పని చేస్తూ ఉండినారు.

వీరి ప్రార్థనకు వెనుక పెద్ద సంప్రదాయమే ఉన్నది. అయిదవ శతాబ్దిలో నేటి ఫ్రాన్సులోని వియెన్ పట్టణం భూకంపాలతోను అగ్నిప్రమాదాలతోను అల్లాడినప్పుడు అక్కడి బిషప్పు మమెర్తుస్ మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు, ఊరేగింపులు ఏర్పాటు చేసినాడు. క్రమంగా అవి పడమటి సంఘమంతటా వ్యాపించి, పొలాలలో తిరిగి పంట కోసం మొరపెట్టే దినాలుగా నిలిచినవి. ఇంగ్లీషు సంఘం 1662లో స్థిరపరచిన ప్రార్థన గ్రంథంలో వానకు వేరొక ప్రార్థన, అతివృష్టి ఆగుటకు ఒకటి, క్షామ కాలానికి ఒకటి, అంటురోగాల కాలానికి ఒకటి వేర్వేరుగా ఉన్నవి. ఇంగ్లండు వంటి చిత్తడి దేశంలో వ్రాసిన వాన ప్రార్థనను కోసిగి వంటి చోట చదవడంలో ఒక వింత ఉన్నది. అక్కడి రైతుకు అది ఎప్పుడో ఒకసారి అక్కరకు వచ్చే పుట. మన రైతుకు ఏటేటా తెరవవలసిన పుట.

అయితే ఈ పాత ప్రార్థనలలో ఒక చిక్కు ఉన్నది. ఉత్పాతం మన పాపాలకు దేవుడు వేసిన శిక్ష అనే భావం వాటిలో బలంగా వినిపిస్తుంది. 1847లో ఐర్లండు బంగాళదుంప కరవులో లక్షలమంది చస్తూ ఉండగా మార్చి 24వ తేదీని ఉపవాస దినంగా రాణి ప్రకటించినది. దేశమంతటా గుడులలో పశ్చాత్తాప ప్రార్థనలు జరిగినవి. బాధితుల కోసం చందాలు కూడా వసూలైనవి. ఆరేళ్ల తరువాత 1853లో కలరా భయంతో ఎడింబరో పాదరీలు మరొక ఉపవాస దినం కోరగా, హోం మంత్రి పామర్‌స్టన్ అందుకు అంగీకరింపలేదు. ముందు పేదల ఇళ్లను, మురికి పేటలను శుభ్రం చేయించండని జవాబు వ్రాయించినాడు. ఆ జవాబుకు కోపించినవారు చాలామంది. కాని అందులోని వివేకాన్ని అంగీకరించినవారు పాదరీలలోనే కొందరు ఉన్నారు.

శిక్ష అన్న మాటకు బైబిలులోనే ఎదురు మాట ఉన్నది. సిలోయములో గోపురం కూలి పద్ధెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులనుకొంటున్నారా అని యేసు ప్రశ్నించి, కాదని తానే చెప్పినట్లు లూకా సువార్తలో ఉన్నది. ధాత కరవులో చచ్చినవారు ఎవరు? చెరువు కింద మాగాణి ఉన్నవాడు కాడు, గరిసెలో గింజలున్నవాడు కాడు. కూలి, చర్మకారుడు, సాలె, పశువుల కాపరి. కరవు శిక్ష అయితే అది వీరినే ఏల వెదకినది? పల్లెలలో తిరిగిన బోధకులు ఈ ప్రశ్నకు తప్పించుకొని పోజాలరు. ఏమంటే ఆ బోధకులలో చాలామంది ఆ పేటలలో పుట్టినవారే, ఆ ఆకలి తమ ఇంటిలో ఉన్నవారే. పరులకోసం చేసే ప్రార్థన, తమకోసం చేసే ప్రార్థన అనే భేదం అక్కడ లేకుండా పోయినది. మా దృష్టిలో ధాత కరవు ప్రార్థనలలోని ముఖ్యమైన సంగతి ఇదే.

బైబిలులో ఇంకొక మాట కూడా ఉన్నది. అది యాకోబు పత్రికలోనిది. బట్ట లేక, కూడు లేక ఉన్నవానితో సుఖంగా వెళ్లుము, చలి కాచుకొనుము, తృప్తి పొందుము అని చెప్పి చేతిలో ఏమీ పెట్టకపోతే ఆ మాటవల్ల ప్రయోజనమేమి అని ఆ పత్రికాకర్త నిలవేసినాడు. క్లౌదియ చక్రవర్తి కాలంలో కరవు రానున్నదని విని అంతియొకయ శిష్యులు ఎవరి శక్తికొలది వారు ద్రవ్యం పోగుచేసి యూదయకు పంపినట్లు అపొస్తలుల కార్యములలో ఉన్నది. అందుచేత క్రైస్తవ ప్రార్థనకు మొదటినుండి ఒక చందా పళ్లెం తోడుగా ఉన్నది. 1877 ఆగస్టులో చెన్నపట్నంలో సహాయసభ జరిగి లండనుకు తంతి వెళ్లగా, లండను నగర మేయరు నిధిని తెరిచినాడు. కొద్ది నెలలలో అది సుమారు ఏడు లక్షల పౌండ్ల దాకా చేరినది. ఆ ద్రవ్యం పంచడానికి జిల్లాలలో ఏర్పడిన సంఘాలలో కలెక్టర్లతో పాటు మన వర్తకులు, ప్లీడర్లు, మిషనరీలు కలిసి కూర్చున్నారు. ఆ సహాయసంఘానికి కార్యదర్శిగా పని చేసిన పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లోనే ఈ కరవు చరిత్రను రెండు సంపుటాలుగా ప్రకటించినాడు. ప్రభుత్వాన్ని తప్పు పట్టవలసిన చోట మొగమాటం లేకుండా పట్టిన గ్రంథమది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వత్తాము. గంజి పెట్టే చేయి, బాప్తిస్మమిచ్చే చేయి ఒకటే అయినప్పుడు ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నవాడు ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోది. కాని ఆయన పని పడమటగా కర్నూలు జిల్లాలోని కంభం, మార్కాపురం తాలూకాల పల్లెలకు పాకి ఉండినది. ముఖ్యంగా మాదిగ పేటలలో. ఒక విషయం ఇక్కడే చెప్పవలెను. ఆ కదలిక కరవుతో మొదలైనది కాదు. క్లౌ ఒంగోలు చేరిన 1866 నాటికే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు తన వారిలో కొత్త బోధను వ్యాపింపజేస్తూ ఉండినాడు. కరవు నాటికి ఒంగోలు సంఘంలో మూడు వేలకు పైగా సభ్యులున్నారు. గంజి రాకముందే వచ్చినవారు వీరు.

క్లౌ పాదరీ కాకముందు అమెరికాలోని మిన్నెసోటా ప్రాంతంలో భూముల సర్వే పని చేసిన మనిషి. గొలుసు, కొలబద్ద ఎరిగినవాడు. కరవు ముదిరినప్పుడు ఆయన ప్రభుత్వం తవ్విస్తూ ఉన్న సముద్రతీరపు కాలువలో మూడున్నర మైళ్లు తవ్వడానికి కంట్రాక్టు పుచ్చుకొన్నాడు. చెన్నపట్నాన్ని కృష్ణా కాలువలతో కలిపే ఆ కాలువకే తరువాత నాటి గవర్నరు పేరిట బకింగ్‌హాం కాలువ అని పేరు వచ్చినది. పాదరీ కంట్రాక్టరు అగుట నాటికి వింతే. ఇతర కంట్రాక్టర్ల కింద తమవారిని మేస్త్రీలు కొట్టి, కూలిలో కోత పెట్టి పంపడం చూచి ఆయన ఈ పనికి దిగినాడు. తాటాకు గుడిసెలు వేయించినాడు. మంచినీళ్ల బావులు తవ్వించినాడు. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించినాడు. మగవారు గడ్డపారలతో తవ్వుతుంటే ఆడవారు గంపలతో మన్ను మోసినారు. కూలి ఏ రోజుది ఆ రోజు ముట్టినది. నడుములు వాల్చే వేళ బోధకులు వారి మధ్య కూర్చొని, ప్రయాసపడి భారం మోసేవారిని దగ్గరకు పిలిచే క్రీస్తు మాటను మరల మరల చెప్పినారు. మన్ను గంప తలమీదినుండి దించి కూర్చున్నవారికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో వేరుగా వివరించనక్కరలేదు.

ఇక్కడ క్లౌ ఒక కఠిన నిర్ణయం చేసినాడు. కరవు సాయం సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరాదు. పల్లెలకు పల్లెలే వచ్చి అడిగినా సరే. 1877 మార్చి మొదలు సుమారు పదిహేను నెలలు ఆ మాట మీదనే నిలిచినాడు. కూడు కోసం చేరినారన్న నింద వారిమీద పడకూడదని, తన సంఘం మీద పడకూడదని ఆయన ఉద్దేశం. ప్రార్థించడానికి, వినడానికి, పాడడానికి అభ్యంతరం లేదు. చేరడానికి మాత్రం ఆగవలెను.

ఇది మంచి నిర్ణయమా? మాకు ఇప్పటికీ పూర్తిగా నిశ్చయంగా లేదు. ఇదే కాలంలో తమిళదేశపు తిరునల్వేలిలో బిషప్పు కాల్డ్వెల్ వేరొక మార్గం త్రొక్కినాడు. ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం వ్రాసి మనకందరికీ పరిచితుడైన ఆ కాల్డ్వెలే. అక్కడ కరవు కాలంలోనే వేలమంది సంఘంలో చేరుతూ ఉంటే ఆయన తలుపు మూయలేదు. ఇంకా బోధ విననివారిలో ఉన్నతమైన ఉద్దేశాలనే వెదకడం న్యాయం కాదని, ముందు రానిచ్చి తరువాత నేర్పవలెనని ఆయన పక్షం. ఆకలిగొన్నవానిని, నీ మనసు శుద్ధిగా ఉన్నదో లేదో చూచి చెపుతాను, పదిహేను నెలలు ఆగు అనడంలో కొంత దొరతనం లేకపోలేదు. కడుపునిండినవాడు గుడికి పోయినప్పుడు, నీకేమి కావాలని వచ్చినావని ఎవరూ నిలదీయరు. బిడ్డలు కావాలని, వ్యాజ్యం గెలవాలని, పంట పండాలని మనమంతా మ్రొక్కేవారమే. పేదవాని మ్రొక్కునే ఎందుకు త్రాసులో పెట్టవలెను?

అయినా చరిత్రకారుని కంటికి క్లౌ చేసిన పని ఒక ఉపకారం చేసినది. గంజిని, బాప్తిస్మాన్ని అది కాలంలో వేరుపరచినది. 1878 నడివేసవి నాటికి సాయం ముగింపుకు వచ్చినది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనాన్ని చేర్చి, చేతిలో మిగిలిన కొద్ది ద్రవ్యం పంచి, ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లండని క్లౌ చెప్పినాడు. జనం కదలలేదు. మాకు డబ్బు వద్దన్నారు. చేతుల బొబ్బలు చూపి, కష్టం చేసి బ్రతికినాము, ఇకనూ అలాగే బ్రతుకుతాము, మరుపంట పోతే చస్తాము, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తామని అర్థం వచ్చేట్లు మాటలాడినారు. ఇది క్లౌ స్వయంగా చెప్పుకొన్న సంగతి. తన కథను తాను చెప్పుకొనేవాడు కొంత మెరుగు పెట్టడం సహజమే, ఆ జనంలో ఒకరు తమ చేత్తో వ్రాసి ఉంచిన సాక్ష్యం మనకు దొరకదు. కాని ఒక్క విషయంలో సందేహం లేదు. ఆ రోజున వారికి ఇవ్వడానికి ఆయన చేతిలో గింజ లేదు.

1878 జూలై 3న గుండ్లకమ్మ నీటిలో 2,222 మంది బాప్తిస్మం పొందినారు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని నీటిలో నిలిచినారు. తెల్లవారి మొదలుపెట్టి, మధ్యాహ్నం కొంతసేపు ఆగి, సాయంకాలం దాకా సాగించినారు. క్లౌ ఆ రోజు నీటిలో దిగలేదు. ఆ సంవత్సరం ముగిసేనాటికి మొత్తం 9,606 మంది. అది ఏ సంవత్సరమో చూడండి. బహుధాన్య! మన పంచాంగ కర్తలకు ఎంత హాస్యప్రియత్వమున్నదో అనిపిస్తుంది. ధాత, ఈశ్వర సంవత్సరాలు రెండూ జనాన్ని మింగిన తరువాత ఆ పేరు వచ్చినది.

వారందరి మనస్సులలోను ఏమున్నదో చెప్పగలవారెవరు? కొందరు తమ బంధువుల వెంట వచ్చి ఉంటారు. కొందరు దొర అండ దొరుకుతుందని వచ్చి ఉంటారు. పిల్లలకు బడి కోసం కొందరు, ఊరి పెద్దల వెట్టి తప్పించుకోవడానికి కొందరు. కరవులో తమను తాకి, తమ పక్కన కూర్చొని, కలరా వచ్చినవారిని విడిచిపోని మనుషులు ఏ దేవుణ్ణి కొలుస్తారో ఆ దేవుణ్ణి కొలవాలని మరికొందరు. ఇవన్నీ కలగలిసి ఉండవచ్చును. ఊరి బావి దగ్గరకు రానీయని జాతివారికి, ఇదిగో ఈ బావి మీది అని త్రవ్వి ఇచ్చినచోట వారి మనసు మెత్తబడితే దానిని బేరమని ఎవరనగలరు? గంజి కేంద్రంలో కూడా కులం చూచినవారున్న కాలమది.

కోసిగి పెద్దాయన తాతలు గుండ్లకమ్మలో మునిగినవారు కారు. అది చాలా దూరం. వారిది బళ్లారి వైపు సంఘాల కథ. అయినా ప్రశ్న ఒక్కటే, కరవు ఒక్కటే. కరవులో వినిన ప్రార్థన మరచిపోక, కరవు తీరిన తరువాత కూడా, గంజి తొట్లు తీసివేసిన తరువాత కూడా, నాలుగు తరాలుగా ఆ పూరిపాకను రాతి కట్టడంగా మార్చి నిలుపుకొన్నవారిని గురించి, వీరు గంజికి వచ్చినారు అంటే లెక్క కుదరదు. గంజికి వచ్చినవాడు గంజి అయిపోయిన నాడే పోవలెను గదా!

ప్రభుత్వం కూడా ఈ కరవునుండి కొంత నేర్చినది. 1878లో వేసిన కరవు కమిషను 1880లో నివేదిక సమర్పించినది. దానివల్ల కరవు నిబంధనలు పుట్టినవి. ఎప్పుడు పని చూపవలెను, ఎంత కూలి ఇవ్వవలెను, గంజి కేంద్రం ఎప్పుడు తెరవవలెను అనేవి కాగితం మీదికి వచ్చినవి. పామర్‌స్టన్ పాదరీలకు చెప్పిన మాట ఈ దేశంలో పాతికేళ్లు ఆలస్యంగా, సగం సగంగా అమలు జరిగినదని అనుకోవచ్చును.

ప్రార్థనల తీరు కూడా మారినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి ఆంగ్లికను, లండను మిషను, మెథడిస్టు మొదలైన సంప్రదాయాలు కలిసిన తరువాత, ఆదివారపు ఆరాధనలో సర్వజనుల కోసం చేసే విజ్ఞాపన ప్రార్థనకు మంచి స్థానం దొరికినది. శిక్ష అనే మాట తగ్గి, బాధలో ఉన్నవారికి తోడుగా నిలువుమనే మాట పెరిగినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణాలు తీసినప్పుడు ఆ ఆదివారాలలో తెలుగునాట గుడులలో వినిపించినది ఈ రెండవ మాటే. రేడియోకు ఆ నాళ్లు మరపురానివి. తుపాను హెచ్చరిక విని మేడ ఎక్కినవారు బ్రతికినారు. వినే సాధనం లేని చేపలవాడు, కూలివాడు పోయినారు. ఇక్కడ కూడా పామర్‌స్టన్ మాటే జ్ఞాపకం వస్తుంది.

నీళ్లు లేక ఏడ్చే కోసిగి వైపు నీళ్లతో కూడా ఏడ్పు వచ్చినది. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి, కోసిగి తరువాతి స్టేషను నుండి చేరుకొనే మంత్రాలయాన్ని, దిగువన కర్నూలు నగరాన్ని ముంచినది. రాఘవేంద్రస్వామి మఠంలో నీరు, మసీదులలో నీరు, చర్చిలలో నీరు. ఎవరి ప్రార్థన ఎవరికోసమో విడదీయడానికి ఆ నీరు అవకాశమివ్వలేదు.

మేము మరల కోసిగి వెళ్లినది ఆ తరువాత కొన్ని సంవత్సరాలకు. మాఘమాసపు ఆదివారం. పెద్దాయన మమ్ములను గుర్తుపట్టి గుడిలోనికి రమ్మన్నాడు. బల్లలు సగం ఖాళీ. వచ్చినవారు ముసలివారు, చంటిబిడ్డల తల్లులు, వారి నడుమ నలుగురైదుగురు పిల్లలు. తక్కినవారు గుంటూరు వైపు మిరపకోతలకు, బెంగుళూరు వైపు కట్టడం పనులకు పోయినారు. ఆరాధన నడుమ బోధకుడు ఒక కాగితం తీసి వలస పోయినవారి పేర్లు ఇంటింటి వరుసన చదివినాడు. ఒక్కొక్క పేరు వద్ద ఆ ఇంటివారు ఆమెన్ అన్నారు. ఆ జాబితాలో క్రైస్తవేతరుల పేర్లు కూడా వినిపించినవి. ఒకే లారీలో పోయినారు గదా సార్ అని పెద్దాయన మా చెవిలో అన్నాడు.

బయటికి వచ్చిన తరువాత ఆయన పాత ప్రశ్నకు మేము పైన వ్రాసినదంతా క్లుప్తంగా చెప్పినాము. కాలువ సంగతి, పదిహేను నెలల సంగతి, బొబ్బల చేతుల సంగతి. శ్రద్ధగా విన్నాడు. బహుధాన్య పేరు చెప్పినప్పుడు నవ్వినాడు. తరువాత ఎదుటి గుట్టల వైపు చూస్తూ, "అప్పుడు మా తాతకు ఎవరైనా కాలువ పని సూపించి ఉంటే బాగుండు" అన్నాడు. బండికి ఇంకా గంట వ్యవధి ఉన్నది. ఈసారి మేము లేవలేదు.